అరుదైన జీవికి ఏడు ఈతలేనా? గేమ్ రూల్ వెనకున్న లెక్క

మీ ఫోన్‌లో ఓ గేమ్ ఉందనుకోండి. అందులో వింత జీవుల్ని పట్టుకుంటారు, పెంచుతారు, జత కలిపి గుడ్లు పెట్టిస్తారు. వందల గుడ్లు పొదిగించాక ఒకే ఒక్క అరుదైన జీవి పుట్టింది. దాన్ని ఇంకోదానితో కలిపితే మరిన్ని వస్తాయి కదా అని మీరు ఆశపడతారు. సరిగ్గా అక్కడే గేమ్ అడ్డం పడుతుంది. ‘ఇది గుడ్డు పెట్టదు’ అంటుంది. లేదంటే ‘దీని కోటా అయిపోయింది’ అంటుంది.

ఆడేవాళ్లకు అది చిరాకు తెప్పించే విషయం. కానీ ఆ చిన్న నియమం వెనక డిమాండ్, సప్లయ్, ద్రవ్యోల్బణం అన్నీ ఉన్నాయి. ఆ లెక్క తప్పినప్పుడు లక్షల మంది జేబులు ఖాళీ అయిన చరిత్రా ఉంది. ‘ఆడుతూ సంపాదించండి’ అనే ప్రకటనలు ఉద్యోగం కోసం చూస్తున్న మీలాంటివాళ్లనే ముందుగా వెతుక్కుంటూ వస్తాయి. కాబట్టి ఈ లెక్క గేమ్స్ ఆడనివాళ్లకూ పనికొస్తుంది.

పోకెమాన్ దారి: డబ్బు లేదు, గుడ్డు లేదు

ఈ తరహా గేమ్స్‌కి పెద్దన్న పోకెమాన్. 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో మొదలైంది. జీవుల్ని జత కలిపి గుడ్లు పెట్టించే పద్ధతి 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్ గేమ్స్‌తో వచ్చింది. ప్రతి జాతినీ కొన్ని ‘గుడ్ల గుంపులు’గా విడదీశారు. సాధారణంగా ఒకే గుంపులోని ఆడ, మగ జీవులు కలిస్తే గుడ్డు. మ్యూటూ లాంటి లెజెండరీలను మాత్రం అసలు గుడ్డే దొరకని గుంపులో పెట్టేశారు. పిడుగుపాటుకు మీ గేమ్ డేటా పోతే తప్ప, మీకు దొరికిన మ్యూటూ ఒక్కటే. దాన్ని కాపీ చేసే మార్గం గేమ్‌లో లేదు.

మినహాయింపులోనూ జాగ్రత్త పడ్డారు. 2006 నాటి డైమండ్, పెర్ల్ గేమ్స్‌లో మనాఫీ అనే అరుదైన జీవిని డిట్టోతో కలిపితే గుడ్డు వస్తుంది. కానీ పుట్టేది మనాఫీ కాదు, ఫియోన్ అనే వేరే చిన్న జీవి. అది ఎంత పెరిగినా మనాఫీ కాదు. అంటే వారసుడికి వాటా ఇచ్చారు గానీ, సింహాసనం ఇవ్వలేదన్నమాట.

రంగు మారిన ‘షైనీ’ జీవుల కథ ఇంకా ఆసక్తికరం. తొలినాళ్లలో షైనీ కనిపించే అవకాశం 8192లో ఒకటి. కానీ రెండో తరం గేమ్స్‌లో ఒక తిరకాసు ఉండేది. షైనీ అవునా కాదా అన్నది నిర్ణయించే అంకెలే పిల్లలకు వారసత్వంగా వచ్చేవి. దాంతో తల్లిదండ్రుల్లో ఒకటి షైనీ అయితే పిల్ల షైనీ అయ్యే అవకాశం 64లో ఒకటికి చేరేది. 8192ని 64తో భాగించండి, 128 వస్తుంది. ఒక్క షైనీ చేతికి దొరికితే తర్వాతది దొరకడం 128 రెట్లు తేలికన్నమాట. మూడో తరంలో ఈ లంకెను తెంచేశారు. ‘ఉన్నవాడికే ఇంకా వస్తుంది’ అనే దారి మూసేశారు.

పోకెమాన్‌లో గమనించాల్సింది ఏంటంటే, కంపెనీకి ఆదాయం గేమ్ అమ్మితే వస్తుంది. ఆటగాడు జీవుల్ని అమ్మి బతకాలనే ఆలోచన ఆ డిజైన్‌లో లేదు. అందుకే లెక్క కాస్త అటూఇటూ అయినా పోయేది సరదానే, ఎవరి ఇంటి అద్దె డబ్బులో కాదు.

పిల్లికూనల సంత

2017 నవంబరులో క్రిప్టోకిట్టీస్ వచ్చాక సీన్ మారింది. బొమ్మ పిల్లుల్ని ఎథీరియం బ్లాక్‌చెయిన్ మీద కొనొచ్చు, జత కలపొచ్చు, కూనల్ని నిజమైన డబ్బుకి అమ్మొచ్చు. ఆ డిసెంబరులో దీని రద్దీకి ఎథీరియం నెట్‌వర్కే నెమ్మదించింది.

ఇందులో ఈతల సంఖ్యకు పరిమితి పెట్టలేదు. విశ్రాంతి సమయం పెట్టారు. తొలి తరం పిల్లులైతే మొదటిసారి జత కలిశాక నిమిషం ఆగితే చాలు. కలిపినకొద్దీ ఆ సమయం గంటలవుతుంది, రోజులవుతుంది, చివరికి వారానికి చేరి ఆగుతుంది. తల్లీబిడ్డలు, తోబుట్టువులు జత కట్టకూడదన్న నియమమూ పెట్టారు. కానీ వారానికి ఒక కూన చొప్పున వచ్చినా అది ఆగని ప్రవాహమే. పైగా ఈ పిల్లులకు చావు లేదు. కూనలు పెరిగాయి, కొనేవాళ్లు తగ్గారు, ధరలు పడిపోయాయి.

ఏడు ఈతల పరిమితి

తర్వాత వియత్నాం కంపెనీ స్కై మావిస్ తన ఆక్సీ ఇన్ఫినిటీ గేమ్‌లో గట్టి నియమం పెట్టింది. ఒక ఆక్సీ జీవితకాలంలో ఏడుసార్లే సంతానాన్ని ఇవ్వగలదు. మన పాడి రైతుల మాటల్లో చెప్పాలంటే ఏడు ఈతలు, అంతే. ప్రతి ఈతకూ ఎస్‌ఎల్‌పీ అనే టోకెన్లు ఖర్చవుతాయి, కొంత ఏఎక్స్‌ఎస్ అనే మరో టోకెనూ కట్టాలి. ఎస్‌ఎల్‌పీ ఖర్చు ఈత ఈతకూ పెరుగుతుంది. ఒక దశలో ఆ పట్టిక ఇలా ఉండేది: 100, 200, 300, 500, 800, 1300, 2100.

ఈ అంకెలు ఎక్కడో చూసినట్టుందా? ముందు రెండింటినీ కలిపితే తర్వాతది వస్తుంది. కోడింగ్ ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని వేధించే ఫిబొనాచీ సిరీసే ఇది. 1202లో ఫిబొనాచీ రాసిన అసలు లెక్క కూడా కుందేళ్ల సంతతి గురించే. ఆ కుందేళ్లకీ చావు లేదు!

2021లో ఈ గేమ్ ఒక ఊపు ఊపింది. ముఖ్యంగా ఫిలిప్పీన్స్‌లో కొవిడ్‌తో పనులు పోయినవాళ్లు దీన్నే ఉద్యోగంగా మార్చుకున్నారు. అప్పట్లో ఆడటం మొదలుపెట్టాలంటే మూడు ఆక్సీలు ఉండాల్సి వచ్చేది. కొనలేనివాళ్లకు కొందరు ‘మేనేజర్లు’ తమ ఆక్సీలను ఇచ్చి, సంపాదనలో వాటా తీసుకునేవారు. దానికి పెట్టిన పేరు స్కాలర్‌షిప్. మన ఊళ్లో దాన్ని పాలికి ఇవ్వడం అంటారు.

ఆ వేసవిలో నా చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ లేదు. నెలలు గడుస్తున్నాయి. రూమ్మేట్, నేను చెరిసగం వేసుకుని మూడు ఆక్సీలు కొందామనుకున్నాం. అప్పట్లో మూడింటికీ కలిపి దాదాపు వెయ్యి డాలర్లు, అంటే 70 వేల రూపాయల పైమాటే. ఎక్సెల్‌లో లెక్కేస్తే నాలుగు నెలల్లో పెట్టుబడి వచ్చేస్తోంది. ఆ షీట్ మా నాన్నకు చూపించి డబ్బు అడిగా. ఆయన లాభం గడి వైపు చూడనే లేదు. ‘ఆ పిల్లల్ని చివరికి కొనేదెవర్రా?’ అని ఒక్క మాట అడిగారు. నా షీట్‌లో దానికి గడి లేదు.

నాన్న ప్రశ్నకు లెక్క

ఇప్పుడు ఆ గడి వేసి చూద్దాం. పరిమితి ఏడు కదా, సంఖ్య అదుపులోనే ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఒక జత అంటే రెండు జీవులు. రెండూ తమ ఏడు అవకాశాల్నీ ఒకదానితో ఒకటి వాడుకుంటే ఏడు పిల్లలు. రెండు ఏడయ్యాయి. అంటే తరానికి మూడున్నర రెట్లు.

వెయ్యి జీవులతో మొదలుపెట్టండి. మొదటి తరం పిల్లలు 3,500. రెండో తరం 12,250. మూడో తరం 42,875. నాలుగో తరం లక్షన్నర. ఐదో తరానికి ఐదు లక్షల పాతిక వేలు. ఆక్సీ గుడ్డు పొదగడానికి పట్టేది ఐదు రోజులే. అందరూ పూర్తి కోటా వాడరు నిజమే, టోకెన్ల ఖర్చు కూడా వేగాన్ని తగ్గిస్తుంది. కానీ దిశ మాత్రం మారదు.

మరి ఎంత పరిమితి పెడితే ఆగుతుంది? జతకు రెండు పిల్లలే అయితే ప్రతి తరమూ ముందు తరమంతే ఉంటుంది. జనాభా పాఠంలో ‘రీప్లేస్‌మెంట్ లెవెల్’ 2.1 అని చదివారు కదా, అదే సూత్రం. అయితే మనుషుల్లో పాత తరం కాలం చేస్తుంది. ఆక్సీలు చావవు కాబట్టి రెండు పెట్టినా మొత్తం సంఖ్య పెరుగుతూనే పోతుంది. ఏడు అనే అంకె చూడ్డానికి పరిమితిలా ఉన్నా, అది చేసింది వేగాన్ని తగ్గించడమే. పెరుగుదలను ఆపలేదు.

కొళాయి ఉంది, తూము మూసుకుపోయింది

అసలు దెబ్బ ఇంకోచోట పడింది. గేమ్ డిజైన్‌లో టోకెన్ పుట్టే చోటును కొళాయి అంటారు, ఖర్చయి మాయమయ్యే చోటును తూము అనుకోండి. ఆక్సీలో కొళాయి ఏంటి? అప్పట్లో రోజూ ఆడే ప్రతి ఒక్కరికీ వచ్చిన ఎస్‌ఎల్‌పీ. దాని మొత్తానికి గరిష్ఠ పరిమితి లేదు. తూము ఏంటి? ప్రధానంగా సంతతి ఖర్చు ఒక్కటే.

ఇప్పుడు గొలుసు చూడండి. కొత్తవాళ్లు వస్తున్నంతకాలం వాళ్లకి ఆక్సీలు కావాలి. కాబట్టి జత కలపడం లాభం. కాబట్టి ఎస్‌ఎల్‌పీకి గిరాకీ. కాబట్టి ఆడేవాళ్లకు ఆదాయం. ఆ ఆదాయం చూసి ఇంకా కొత్తవాళ్లు. కొత్తవాళ్ల రాక నెమ్మదించిన రోజున ఇదే గొలుసు వెనక్కి తిరుగుతుంది. పిల్ల ఆక్సీ ధర పడిపోతే జత కలపడం దండగ. జత కలపకపోతే తూము మూసుకున్నట్టే. కొళాయి మాత్రం పారుతూనే ఉంటుంది.

2021లో ఒక దశలో ఎస్‌ఎల్‌పీ ధర 30 సెంట్లు దాటింది. 2022 జూన్ నాటికి ఒక సెంటు లోపుకి పడిపోయింది. రోజుకు 100 టోకెన్లు సంపాదించే కుర్రాడికి 30 డాలర్ల రోజుకూలీ ఒక డాలర్ లోపుకి దిగిందన్నమాట. మధ్యలో, 2022 ఫిబ్రవరిలో కంపెనీ కొళాయిని బాగా తిప్పేసింది. అడ్వెంచర్ మోడ్‌లో, రోజువారీ టాస్కుల్లో ఇచ్చే టోకెన్లను ఎత్తేసింది. డిజైన్‌పరంగా అది సరైన నిర్ణయమే. కానీ దాన్నే నెల జీతంగా నమ్ముకున్నవాడికి అది చెప్పకుండా జీతం కోసేసినట్టు. రూల్ మార్చే అధికారం ఆడేవాడికి లేదు. నోటీసు పీరియడ్ లేదు. లేబర్ కోర్టు లేదు.

మా నాన్న ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో తర్వాత అర్థమైంది. ఆయన ఈము పక్షుల కాలం చూసినవారు. మన దగ్గరా, తమిళనాడులోనూ ఎంతోమంది అప్పు చేసి మరీ ఈము ఫామ్‌లు పెట్టారు. మాంసానికి, నూనెకి చెప్పుకోదగ్గ మార్కెట్ లేదు. జతలు కొనేవాళ్లంతా మళ్లీ జతలు అమ్మడానికి కొన్నవాళ్లే. పెంచేవాడు పెంచేవాడికే అమ్మే వ్యాపారం అది. 2012లో తమిళనాడులోని పెరుందురైలో సుశీ ఈము ఫామ్స్ మూతపడ్డాక అందరికీ కళ్లు తెరుచుకున్నాయి. బ్లాక్‌చెయిన్ పేరు కొత్తదే, కథ మాత్రం ఈముల నాటిదే.

దొంగ ఆఫర్ లెటర్ ఖరీదు

ఈ కథలో ఉద్యోగార్థులు ప్రత్యేకంగా చదవాల్సిన పేజీ ఇంకోటుంది. 2022 మార్చిలో ఆక్సీ నడిచే రోనిన్ నెట్‌వర్క్ నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ దొంగిలించారు. విలువ 60 కోట్ల డాలర్లకు పైనే. దీని వెనక ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ బృందం ఉందని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది.

ఎలా చొరబడ్డారు? అప్పట్లో ఆ నెట్‌వర్క్‌లో లావాదేవీలను తొమ్మిది వ్యాలిడేటర్లు ధ్రువీకరించేవి. ఐదు ఒప్పుకుంటే సరిపోయేది. దొంగలు సరిగ్గా ఐదింటినే చేజిక్కించుకున్నారు. ఒక ఉద్యోగి ఫిషింగ్‌కి చిక్కాడని కంపెనీయే చెప్పింది. అతనికి లేని కంపెనీ పేరుతో వల వేశారని, ఇంటర్వ్యూలు కూడా చేసి, మంచి జీతంతో ఆఫర్ లెటర్ పీడీఎఫ్ పంపారని, అందులోనే స్పైవేర్ ఉందని ఆ తర్వాత మీడియా కథనాలు వచ్చాయి.

అనుభవమున్న ఇంజినీరే ఆఫర్ లెటర్ చూసి పడిపోయాడంటే, ఆరు నెలలుగా మెయిల్ కోసం చూస్తున్న ఫ్రెషర్ సంగతి చెప్పేదేముంది? కంపెనీ వెబ్‌సైట్‌లోని కెరీర్ పేజీలో ఆ ఉద్యోగం ఉందా? మెయిల్ ఆ కంపెనీ డొమైన్ నుంచే వచ్చిందా? అటాచ్‌మెంట్ తెరవకుముందు ఈ రెండూ చూసుకోండి. టెస్ట్ అసైన్‌మెంట్ పేరుతో ఏదైనా ఫైల్ రన్ చేయమంటే అది మీ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో అస్సలు చేయకండి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఈ–స్పోర్ట్స్‌ని, డబ్బు పందెం లేని సోషల్ గేమ్స్‌ని ఇది గుర్తిస్తుంది. డబ్బు గెలుస్తామనే ఆశతో డబ్బు పెట్టి ఆడే గేమ్స్‌ని నిషేధిస్తుంది. పందెం అంటే నోట్లే కానక్కర్లేదు. డబ్బుతో కొన్న, డబ్బుగా మార్చుకోగల టోకెన్లు, కాయిన్లు, వస్తువులు కూడా దాని పరిధిలోకి వస్తాయి. డబ్బు పెట్టి జీవుల్ని కొని, టోకెన్లు గెలిచి, అమ్ముకునే గేమ్ ఈ నిర్వచనానికి ఎంత దగ్గరో మీరే ఆలోచించండి.

చట్టం గురి ఆడేవాళ్లపై కాదు, నడిపేవాళ్లపై. వాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయితే ప్రచారం చేసేవాళ్లకీ రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. ‘క్యాంపస్ అంబాసిడర్’ అనే ముద్దుపేరుతో రిఫరల్ లింకులు పంచే ముందు ఇది గుర్తుంచుకోండి. క్రిప్టో ఆస్తులపై లాభానికి 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకోవడం కుదరదు.

ఇందులో మీకు ఉద్యోగం ఎక్కడుంది?

ఆడి సంపాదించడం సంగతి పక్కన పెట్టండి. ఆ ఏడు అనే అంకెను నిర్ణయించే ఉద్యోగం ఒకటుంది. దాన్ని గేమ్ ఎకానమీ డిజైనర్ అంటారు. ఏ జీవి ఎంత అరుదు, టోకెన్ ఎక్కడ పుట్టాలి, ఎక్కడ ఖర్చవ్వాలి అన్నది చూసే పని. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఉంది, బెంగళూరు, పుణెల్లోనూ అంతర్జాతీయ స్టూడియోలున్నాయి. ఫ్రెషర్‌ని నేరుగా ఆ కుర్చీలో కూర్చోబెట్టరు. డేటా అనలిస్ట్‌గానో, క్యూఏ టెస్టర్‌గానో చేరి అటు వెళ్లేవాళ్లే ఎక్కువ. ఇదే బుర్ర ఫుడ్ డెలివరీ కూపన్లకి, క్యాష్‌బ్యాక్ పాయింట్లకి, ఎయిర్‌లైన్ మైళ్లకీ కావాలి. అక్కడా కొళాయి, తూము లెక్కే.

రెజ్యూమెలో ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ బదులు ఈ ప్రాజెక్ట్ పెట్టండి. పైథాన్‌లో వెయ్యి జీవులతో ఒక చిన్న సిమ్యులేషన్ రాయండి. ఈతల పరిమితి, ఒక్కో ఈత ఖర్చు, రోజుకు పుట్టే టోకెన్లు, రోజుకు వచ్చే కొత్త ఆటగాళ్లు... ఈ నాలుగూ మార్చుకోగల అంకెలుగా ఉంచండి. మొదట పరిమితిని ఏడు, మూడు, రెండుగా మార్చి గ్రాఫ్ గీయండి. తర్వాత పరిమితిని ముట్టుకోకుండా కొత్త ఆటగాళ్ల సంఖ్యను సున్నా చేసి చూడండి. ఏ అంకె మారిస్తే వ్యవస్థ కూలుతుందో మీకే తెలుస్తుంది. రెండు వారాంతాలు చాలు.

పాల్‌వరల్డ్‌నీ పోల్చి చూడొచ్చు. 2024 జనవరిలో వచ్చిన ఆ గేమ్‌లో జెట్రాగన్ అనే లెజెండరీ గుడ్డు కావాలంటే తల్లీతండ్రీ రెండూ జెట్రాగన్‌లే కావాలి. అంటే ముందు రెండింటిని కష్టపడి పట్టుకోవాలి. పోకెమాన్ తలుపు మూసేసింది, క్రిప్టోకిట్టీస్ ఎదురుచూడమంది, ఆక్సీ లెక్కపెట్టింది, పాల్‌వరల్డ్ ముందు కష్టపడమంది. ఒకే సమస్యకి నాలుగు పరిష్కారాలు. ఇంటర్వ్యూలో ‘ట్రేడ్–ఆఫ్ అంటే ఏంటి’ అని అడిగితే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది?

చివరిగా ఓ మాట. మేం ఆ ఆక్సీలు కొనలేదు. తెలివితో ఆగామని చెప్పను, నాన్న డబ్బు ఇవ్వలేదు కాబట్టి ఆగాం. ఖాళీగా ఉన్న నెలల్లో ఎవరైనా వచ్చి ‘ఇది అరుదైనది, పరిమితంగానే ఉంది’ అంటే మనసు లాగుతుంది. తప్పు కాదు. అలాంటప్పుడు మీ ఎక్సెల్ షీట్‌లో ఒక గడి అదనంగా పెట్టుకోండి: చివరికి కొనేదెవరు? మళ్లీ అమ్ముకోవడానికి కొనేవాళ్లు తప్ప ఆ గడిలో ఇంకెవరి పేరూ రాయలేకపోతే, అక్కడితో ఫైల్ మూసేసి ఇంకో అప్లికేషన్ పెట్టుకోండి.